పెట్టిన ఫైలు తిరిగి తెరుచుకోదు: తెనాలిలో ఒక ఇంటి ఎంటీయూ కేసు

పోయిన జులైలో ఒక సాయంత్రం పిడుగులు పడి మా ఊళ్లో చాలా ఇళ్లలో రూటర్లు కాలిపోయాయి. వారం రోజులు నాకు ఊపిరి సలపలేదు. అప్పుడు నేను రూటర్ మార్చిన ఇళ్లలో మా లెక్కల మాస్టారిది ఒకటి. ఎనిమిదో తరగతిలో నాకు లెక్కలు చెప్పారు, ఇప్పుడు రిటైరయ్యారు. కొత్త రూటర్ పెట్టి, ఫోన్లో యూట్యూబ్ ఆడించి చూపించి, కాఫీ తాగి వచ్చేశాను. నాలుగో రోజు ఫోన్.

"ఒరేయ్ అబ్బాయ్, నువ్వు పెట్టిన డబ్బా పుణ్యమా అని మా అమ్మాయి ఉద్యోగం ఊడేట్టుందిరా."

వాళ్లమ్మాయి హైదరాబాద్‌లో ఒక కంపెనీలో డెవలపర్. నెలలో సగం రోజులు ఇంటి నుంచే పని. ఆమె చెప్పింది ఇది: ఆఫీసు వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే తాళం వేసిన దారి) కనెక్ట్ అవుతుంది, చాట్ నడుస్తుంది, చిన్న పేజీలు తెరుచుకుంటాయి. ఆఫీసు సర్వర్లో ఫైలు పెట్టమంటే పెట్టగలదు. అదే ఫైలు తెరవబోతే సున్నా శాతం దగ్గర ఆగిపోతుంది. "పొద్దున నేనే పెట్టిన షీటు అన్నా, ఇప్పుడు నాకే తెరుచుకోవట్లేదు."

ఈ వాక్యంలోనే జవాబు ఉంది. నాకు మాత్రం రెండు రోజుల తర్వాత గానీ వెలగలేదు. అందుకే ఈ కేసు రాస్తున్నాను.

ఇంట్లో ఏముంది

ఫైబర్ కనెక్షన్, 100 ఎంబీపీఎస్ ప్లాన్. ఆపరేటర్ ఇచ్చిన ఓఎన్‌టీ డబ్బా (ఫైబర్ తీగ వచ్చి చేరేది) బ్రిడ్జ్ మోడ్‌లో ఉంటుంది, అంటే తను లాగిన్ అవదు, వచ్చింది వచ్చినట్టు రూటర్‌కి అందిస్తుంది. పీపీపీఓఈ (ఆపరేటర్ దగ్గర లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మనం పెట్టిన రూటర్లో ఉంటాయి. ఆమెది ఉబుంటు ల్యాప్‌టాప్, ఆఫీసు వీపీఎన్ వైర్‌గార్డ్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది.

నేను వెళ్లేసరికే ఆపరేటర్ మనిషి వచ్చి స్పీడ్ టెస్ట్‌లో 94 చూపించి "మా లైన్ బ్రహ్మాండంగా ఉంది" అని వెళ్లిపోయాడు. కంపెనీ హెల్ప్‌డెస్క్ "మీ ఇంటి నెట్ స్లోగా ఉన్నట్టుంది" అని టికెట్ మూసేసింది. మధ్యలో మిగిలింది నా రూటర్.

మొదటి రోజు: పనికిరాని పని

రూటర్ పేజీ తెరిస్తే డబ్ల్యూఏఎన్ (బయటి లైను) కింద ఎంటీయూ 1480 అని ఉంది. దొంగ దొరికాడనుకున్నాను.

ఎంటీయూ అంటే ఒక లింకు మీద ఒక్క ప్యాకెట్టు (డేటా మూట) ఎంత పెద్దదిగా వెళ్లొచ్చో చెప్పే హద్దు. ఈథర్నెట్‌లో అది 1500 బైట్లు. పీపీపీఓఈ కనెక్షన్‌లో ప్రతి ప్యాకెట్టుకీ 8 బైట్ల తలకట్టు (ముందు తగిలించే వివరాల చీటీ) అదనంగా చేరుతుంది, 6 పీపీపీఓఈది, 2 పీపీపీది. కాబట్టి లోపలి ప్యాకెట్టుకి మిగిలేది 1492. 1999లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2516 (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ పద్ధతులు రాసే పత్రాలు) నుంచి ఇదే లెక్క. 2006లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4638 ప్రకారం పీపీపీఓఈ మీద కూడా 1500 పంపే వీలుంది. కానీ దానికి దారిలో ఉన్న పరికరాలన్నీ కాస్త పెద్ద ఫ్రేములకి (తీగ మీద ప్యాకెట్టుని మోసే కవర్లకి) ఒప్పుకోవాలి. మన వైపు ఇళ్లలో నాకు కనిపించేది ఎప్పుడూ 1492. రూటర్ కంపెనీలు కొన్ని ముందుజాగ్రత్తగా 1480 పెట్టి అమ్ముతాయి.

నేను దాన్ని 1492 చేశాను. ఆమె ల్యాప్‌టాప్ నుంచి, దారిలో ముక్కలు చేయొద్దని చెప్పే ఆప్షన్‌తో పింగ్ (జవాబు అడుగుతూ పంపే పరీక్ష ప్యాకెట్టు) కొట్టాను. ఐపీ తలకట్టు 20, ఐసీఎంపీ (పింగ్‌లూ, దారిలోని ఇబ్బందుల కబుర్లూ మోసే పద్ధతి) తలకట్టు 8, మొత్తం 28 కలుస్తాయి కాబట్టి 1464 ఇస్తే సరిగ్గా 1492 అవుతుంది. 1464 వెళ్లింది, 1465 వెళ్లలేదు. ఆఫీసు సర్వర్లో ఒక చిన్న టెక్స్ట్ ఫైలు తెరవమన్నాను. టక్కున తెరుచుకుంది. సాధించానన్న ముఖం పెట్టుకుని బయటికొచ్చాను.

ఆ టెక్స్ట్ ఫైల్లో ఉన్నవి నాలుగు లైన్లు. ఒక చిన్న ప్యాకెట్లో ఇమిడిపోతుంది. సైజు సమస్యని వెతుకుతూ చిన్న సైజుతో టెస్ట్ చేశాను. ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాడు చేయాల్సిన పని కాదు. మర్నాడు పొద్దున ఏడింటికే మాస్టారి ఫోన్ వచ్చింది.

సైజు మారిస్తే స్పీడ్ పెరుగుతుందా?

అసలు కథలోకి వెళ్లేముందు ఈ మాట తేల్చాలి. వారానికి ఒకరైనా "ఎంటీయూ మారిస్తే నెట్ స్పీడ్ అవుతుందట కదా" అని అడుగుతుంటారు.

లెక్క వేద్దాం. తీగ మీద ప్రతి ఈథర్నెట్ ఫ్రేముకీ ముందూ వెనకా కలిపి 38 బైట్లు పోతాయి, ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య ఖాళీతో సహా. ఎంటీయూ 1492 ఉన్నప్పుడు ఐపీ, టీసీపీ (డేటాని ముక్కలుగా, ఏదీ పోకుండా చేర్చే పద్ధతి) తలకట్లు 40 తీసేస్తే సరుకు 1452. పీపీపీఓఈ 8, ఫ్రేము 38 కలిపితే తీగ మీద పట్టే చోటు 1538. అంటే 94.41 శాతం సరుకు. అదే 1480 పెడితే 1526లో 1440, అంటే 94.36 శాతం. తేడా శాతంలో ఇరవయ్యో వంతు. నేను మొదటి రోజు సాధించిన ఘనకార్యం అంతే. ఆపరేటర్ మనిషి చూపించిన 94 కూడా ఇదే, వంద మెగాబిట్ల పోర్టు మీద అంతకు మించి రాదు.

గేమ్‌లో పింగ్ తగ్గుతుందని 576 పెట్టుకునే కుర్రాళ్లున్నారు. డయలప్ రోజుల్లో ఆ సలహాకి అర్థం ఉండేది. 33.6 కేబీపీఎస్ మోడెం మీద 1500 బైట్ల ప్యాకెట్టు బయటికి పోవడానికే 357 మిల్లీసెకన్లు పట్టేది. దాని వెనక గేమ్ ప్యాకెట్టు లెవెల్ క్రాసింగ్ దగ్గర బస్సులా నిలబడేది. 576 అయితే ఆ ఆగడం 137కి తగ్గేది. ఇప్పుడు 100 ఎంబీపీఎస్ మీద 1500 బైట్లు వెళ్లడానికి 0.12 మిల్లీసెకను. దాన్ని ఇంకా నరికి లాభం లేదు. పైగా ఐపీవీ6కి (ఇంటర్నెట్ అడ్రస్‌ల కొత్త పద్ధతి, పాతది ఐపీవీ4) ఎంటీయూ కనీసం 1280 ఉండాలి, 576 పెట్టినచోట అది నడవనే నడవదు.

రెండో రకం వాళ్లు 9000 పెట్టేవాళ్లు. ఆ మధ్య ఒకాయన ఇంట్లో కంప్యూటర్‌కీ, ఫొటోలు దాచుకునే ఎన్‌ఏఎస్ డబ్బాకీ వీడియో చూసి జంబో ఫ్రేములు (1500 దాటిన పెద్ద ఫ్రేములు) ఆన్ చేశాడు. మధ్యలో ఉన్న చవక స్విచ్ అంత పెద్ద ఫ్రేముల్ని తీసుకోదు. అది ఏ కబురూ చెప్పదు, పారేస్తుంది అంతే. ఫోల్డర్ తెరుచుకునేది, కాపీ మొదలై నిలబడిపోయేది. రెండు చివర్లలో ఒక్కటే 9000 అయి ఉంటే టీసీపీ మొదట్లోనే చిన్నదానికి ఒప్పందం చేసుకుని బతికించేది. రెండూ 9000 అన్నాయి కాబట్టి చచ్చింది. 1500కి తెచ్చి వచ్చాను.

ప్యాకెట్టు సైజుతో స్పీడు కాస్త కాస్త పెరగడం, కాస్త కాస్త తగ్గడం లాంటివి ఇంటి నెట్‌లో దాదాపు ఉండవు. పడితే వెళ్తుంది, పట్టకపోతే పోతుంది.

రెండో రోజు: బాబాయి గారి రూటర్

మాస్టారి తమ్ముడు రెండు వీధుల అవతల ఉంటారు. అదే ఆపరేటర్, అదే ప్లాన్. అమ్మాయి విసిగిపోయి ల్యాప్‌టాప్ పట్టుకుని బాబాయి ఇంటికెళ్తే అక్కడ అన్నీ తెరుచుకుంటున్నాయి. అక్కడున్నది ఏడెనిమిదేళ్ల పాత రూటర్.

ఆ రూటర్ని ఊడదీసుకొచ్చి మాస్టారి ఇంట్లో పెట్టాను. పనిచేసింది. నా కొత్తది తిరిగి పెట్టాను. ఆగిపోయింది. రెండిట్లోనూ ఎంటీయూ 1492. అంటే నేను పట్టుకు వేలాడుతున్న అంకెలో తేడా లేదు.

రెండు రూటర్ల సెట్టింగులు పక్కపక్కన పెట్టి పేజీ పేజీ చూశాం. వైఫై వేరు, పాస్‌వర్డ్‌లు వేరు, వాటితో మనకి పనిలేదు. చివర్లో ఐపీవీ6 పేజీ. పాతదానికి అసలు ఆ పేజీయే లేదు. కొత్తదాంట్లో అది కంపెనీ నుంచే ఆన్‌లో వచ్చింది, ఆపరేటర్ కూడా అడ్రస్ ఇస్తున్నాడు. ల్యాప్‌టాప్‌లో వైర్‌గార్డ్ స్థితి చూస్తే ఎండ్‌పాయింట్ (అవతలి వీపీఎన్ సర్వర్) అన్నచోట పొడుగాటి ఐపీవీ6 అడ్రస్. బాబాయి ఇంట్లో అది మామూలు ఐపీవీ4 అడ్రస్.

ఇక్కడ లెక్క మారుతుంది. వైర్‌గార్డ్ లోపలి ప్యాకెట్టుని తన సొంత సంచిలో కట్టి పంపుతుంది. ఆ సంచి బరువు ఐపీవీ4 మీద 60 బైట్లు: ఐపీ 20, యూడీపీ (టీసీపీలా ముందు ఒప్పందం చేసుకోని పద్ధతి) 8, వైర్‌గార్డ్‌ది 32. ఐపీవీ6 మీద 80, ఎందుకంటే దాని తలకట్టే 40. టన్నెల్‌కి, అంటే ఈ వీపీఎన్ దారికి, మామూలుగా వచ్చే ఎంటీయూ 1420. ఆ అంకె ఎక్కడిదంటే 1500లోంచి 80 తీసేస్తే వచ్చింది, అంటే దారి పొడుగునా 1500 పడుతుందనే నమ్మకం మీద కట్టింది.

బాబాయి ఇంట్లో 1420కి 60 కలిపితే 1480. 1492 గుమ్మంలోంచి హాయిగా దూరుతుంది. మాస్టారి ఇంట్లో 1420కి 80 కలిపితే 1500. ఎనిమిది బైట్లు ఎక్కువ.

మరి ఆఫీసు నుంచి వచ్చేవే ఎందుకు ఆగుతున్నాయి, వెళ్లేవి ఎందుకు వెళ్తున్నాయి? మాస్టారు అడిగిన మొదటి ప్రశ్న ఇదే. మా స్టేషన్ దగ్గర రైలు వంతెన కింద దారి ఉంది కదా, గడ్డి లోడుతో ట్రాక్టర్ వచ్చిందనుకోండి అన్నాను. ఐపీవీ4లో అవసరమైతే వంతెన దగ్గరే లోడు దించి రెండు ట్రిప్పులుగా తోలుకోవచ్చు. ఐపీవీ6లో దారిలో ఎవరూ లోడు ముట్టకూడదు. "ఇంత ఎత్తే పడుతుంది, తగ్గించి కట్టుకు రా" అని బయల్దేరిన చేనుకే కబురు పంపాలి. ఆ కబురు పేరు ఐసీఎంపీవీ6లో 'ప్యాకెట్ టూ బిగ్'.

ఇంటి నుంచి వెళ్లే లోడుకి వంతెన ఇంట్లోనే ఉంది, అదే మన రూటర్. అది ల్యాప్‌టాప్‌కి వెంటనే కబురు చెబుతుంది, ల్యాప్‌టాప్ సర్దుకుంటుంది. అందుకే ఫైలు పెట్టగలిగింది. ఆఫీసు నుంచి వచ్చే లోడుకి వంతెన ఆపరేటర్ వైపు రూటర్ దగ్గర ఉంది. అక్కడి నుంచి హైదరాబాద్‌కి కబురు వెళ్తుంది. కంపెనీ ఫైర్‌వాల్ ఆ కబురుని గేటు దగ్గరే ఆపేస్తోంది. సర్వర్‌కి ఏమీ తెలియదు. అదే సైజులో మళ్లీ మళ్లీ పంపుతుంది, అది మళ్లీ మళ్లీ పోతుంది. వీపీఎన్ మొదట్లో చేసుకునే పరిచయం ప్యాకెట్లు 148, 92 బైట్లే కాబట్టి కనెక్ట్ అయినట్టు పచ్చగా కనిపిస్తుంది.

ఐసీఎంపీ మొత్తాన్నీ మూసేస్తే భద్రత అనుకునే అలవాటు ఐపీవీ4 కాలం నుంచీ ఉంది. ఐపీవీ6లో ఈ కబుర్లని ఆపొద్దని 2007లోనే ఆర్‌ఎఫ్‌సీ 4890 చెప్పింది. చదివినవాళ్లు తక్కువ.

ఇంకో సందేహం రావాలి. ఐపీవీ6లో మిగతా వెబ్‌సైట్లన్నీ బాగానే తెరుచుకున్నాయి కదా? రూటర్ అక్కడ ఒక చిన్న మాయ చేస్తుంది. టీసీపీ కనెక్షన్ మొదలయ్యేటప్పుడు రెండు వైపులా "నాకు ముక్క ఇంతకు మించి పంపకు" అని చెప్పుకుంటాయి, దాన్ని ఎంఎస్‌ఎస్ అంటారు. రూటర్ ఆ అంకెని దారిలోనే తగ్గించి రాస్తుంది, ఐపీవీ4కి 1452, ఐపీవీ6కి 1432. వైర్‌గార్డ్ యూడీపీ, పైగా లోపలంతా తాళం వేసి ఉంటుంది. రూటర్ చేయి అక్కడికి అందదు.

మాస్టారి లెక్క

తాత్కాలికంగా రూటర్లో ఐపీవీ6 ఆపేస్తే పని అయిపోతుందని నాకు తెలుసు. ఆపాను, తెరుచుకుంది, అమ్మాయి ఆ పూట పని చేసుకుంది. కానీ అది మందు కాదు. ఈ ఇంట్లో ఆపితే రేపు ఇంకో ఇంట్లో ఇంకో ఉద్యోగికి ఇదే గోల. సాయంత్రం ఆమె డ్యూటీ అయ్యాక, వాళ్ల ఐటీ వాళ్లకి మెసేజ్ పెట్టి ఒప్పించి, ఐపీవీ6 మళ్లీ ఆన్ చేసి టన్నెల్ ఎంటీయూతో పరీక్ష మొదలెట్టాం.

మాస్టారు కాగితం మీద రాశారు: 1492లోంచి 80 పోతే 1412. టన్నెల్‌కి 1412 పెట్టాను. ల్యాప్‌టాప్ వైపు మారిస్తే చాలు, ఎందుకంటే ల్యాప్‌టాప్ టీసీపీలో "నాకు 1372 చాలు" అని చెబుతుంది, సర్వర్ ఆ ప్రకారమే పంపుతుంది. లెక్క పక్కా.

ఫైలు తెరుచుకోలేదు.

అమ్మాయి నా వైపు చూసింది. నేను స్క్రీన్ వైపు చూశాను. 1400 పెట్టాను. తెరుచుకుంది. 1410, తెరుచుకోలేదు. 1405, తెరుచుకుంది. ప్రతిసారీ కాపీ కొత్తగా మొదలుపెట్టాలి, పాత కనెక్షన్ పాత ఒప్పందం మీదే నడుస్తుంది కాబట్టి. అలా జరుపుకుంటూ వస్తే 1408 పనిచేస్తోంది, 1409 పనిచేయట్లేదు. నాలుగు బైట్లు ఎక్కడో మాయమవుతున్నాయి. నాకు తల తిరిగింది.

మాస్టారు కళ్లజోడు సర్దుకుని "1408 పదహారుతో పోతుందిరా. పదహారు ఎనభై ఎనిమిదులు" అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. వైర్‌గార్డ్ లోపలి ప్యాకెట్టుని మూట కట్టేముందు 16 గుణిజానికి సరిపడేలా సున్నాలు నింపుతుంది, బయటివాళ్లకి అసలు పొడుగు తెలియకుండా. అయితే ఆ నింపడం తన టన్నెల్ ఎంటీయూని దాటనివ్వదు. ఆఫీసు సర్వర్ వైపు ఎంటీయూ ఇంకా 1420లోనే ఉంది. 1412 బైట్ల ప్యాకెట్టు వస్తే తర్వాతి గుణిజం 1424. అది 1420 దాటింది కాబట్టి 1420 దగ్గర ఆపుతుంది. దానికి 80 కలిపితే మళ్లీ 1500. తిరిగి తిరిగి అక్కడికే. 1408 అయితే నింపాల్సిందేమీ లేదు, 1488గా బయటికొస్తుంది, గుమ్మం దాటుతుంది. 1400 పెట్టినా 1408కి నింపుకుంటుంది, అదీ దాటుతుంది. రెండు చివర్లా 1412 పెడితే అప్పుడు నింపడం 1412 దగ్గరే ఆగుతుంది, మాస్టారి మొదటి లెక్కే నిలబడేది. మేం మార్చింది ఒక చివరే.

ఎనిమిదో తరగతిలో గుణిజాలు రాక ఇదే మాస్టారి చేత బెంచీ ఎక్కినవాణ్ని. ఆయన ఆ మాట ఎత్తలేదు, నవ్వి ఊరుకున్నారు.

కంపెనీ వైపు

ఈ అంకెలన్నీ అమ్మాయి టికెట్లో రాసింది: ఏ అంకె పెడితే ఏమయింది, ఎండ్‌పాయింట్ ఐపీవీ6 అయినప్పుడే ఎందుకు ఆగుతోంది అని. మొదటి టికెట్ అరగంటలో మూసేసిన హెల్ప్‌డెస్క్ దీన్ని నెట్‌వర్క్ టీమ్‌కి పంపింది. ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీవీ6 మొత్తం మూసి ఉన్నమాట నిజమేనని వాళ్లు ఒప్పుకున్నారు. నాలుగు రోజుల్లో సర్వర్ వైపూ, ఉద్యోగుల కాన్ఫిగరేషన్ ఫైళ్లలోనూ టన్నెల్ ఎంటీయూ 1360 చేశారు. ఇంకా చిన్న దారులున్న ఇళ్ల కోసం కొంత జాగా వదిలారట. మరీ భయస్తులైతే 1280 పెట్టుకోవచ్చు, సంచి బరువు 80 కలిపినా 1360 బైట్లు పట్టే దారి చాలు. 1360 అయినా, 1280 అయినా స్పీడులో తేడా ఆమెకి కనపడదు. ఫైర్‌వాల్‌లో కబురు దారి తెరవడానికి మాత్రం ఇంకో రెండు వారాలు పట్టింది.

పింగ్ టెస్ట్ గురించి ఒక మాట. పబ్లిక్ సర్వర్లలో కొన్ని పెద్ద పింగ్‌కి పూర్తి సైజు జవాబు ఇవ్వవు, కుదించి పంపుతాయి. అప్పుడు మీరు కొలిచింది వెళ్లే దారి మాత్రమే, వచ్చే దారి కాదు. నేను మొదటి రోజు కొట్టిన పింగ్‌లు ఐపీవీ4 మీద, అదీ వేరే సర్వర్‌కి. ఆమె ఫైళ్లు వస్తున్నది ఐపీవీ6 మీద. వేరే రోడ్డు కొలిచి ఈ రోడ్డు బాగుందని చెప్పి వచ్చానన్నమాట.

బాబాయి గారి పాత రూటర్ని తిరిగి ఇచ్చేశాను. కొత్త రూటర్ మాస్టారి ఇంట్లోనే ఉంది, ఐపీవీ6 ఆన్‌లోనే ఉంది. ఇప్పుడు ఎవరింట్లో రూటర్ మార్చినా నా పుస్తకంలో ఒక లైను అదనంగా రాసుకుంటున్నాను: ఇంట్లో ఆఫీసు వీపీఎన్ వాడేవాళ్లున్నారా? ఉంటే వాళ్లని ల్యాప్‌టాప్ తెమ్మని, ఆఫీసు సర్వర్ నుంచి కనీసం పది ఎంబీల ఫైలు ఒకటి దించమని చెప్పి, అది పూర్తయ్యేదాకా అక్కడే కూర్చుంటున్నాను.